ఎడమచేతి వాళ్ల ఊరేగింపు

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో లింబయ్య చేతిలో ఉన్నవి ఇవి: పన్నెండు గ్యాసులైట్లు, అందులో మూడింటికి మంట నిలవదు, జరీ ఊడిపోతున్న పెద్ద గొడుగులు రెండు, ముందటి కుడికాలు కొంచెం ఈడ్చే తెల్ల గుర్రం, నిజామాబాద్ గంజ్ వెనక సందులో చిన్న దుకాణం, ఆ దుకాణం పేరు చెక్కించిన ఇత్తడి ముద్ర, భార్య రుక్మాబాయి, ఆమె నోరు. వీటిలో ఇన్నేళ్లయినా చెడిపోనిది చివరిదొక్కటే అని లింబయ్య అనేవాడు, ఆమెకు వినబడేట్టుగానే.

అతని వ్యాపారం పెళ్లి ఊరేగింపుల సామాను కిరాయికివ్వడం. పెళ్లికొడుకు గుర్రమెక్కాలన్నా, బరాత్‌కు వెలుగు కావాలన్నా, నెత్తి మీద గొడుగు పట్టాలన్నా పదేళ్లపాటు చుట్టుపక్కల ఊళ్లన్నీ లింబయ్య దగ్గరికే వచ్చాయి. ఆ పదేళ్లు అయిపోయాయి. నాలుగు దుకాణాల అవతల హన్మండ్లు ఒక పాత మిలిటరీ జీపు కొని, ఎర్ర రంగు వేయించి, ముందు కాగితపు పూల తోరణం కట్టాడు. అప్పటి నుంచి బోధన్ దాకా ఏ పెళ్లికొడుకు కూడా గుర్రం పేరెత్తలేదు. గుర్రం మాత్రం రోజూ తినేది, రోజూ నిలబడేది.

ఆ ఏడు ఎండాకాలంలో బోధన్‌లో ఎవరో ఇంజనీరు కొలువు మాని తన దేశం వెళ్లిపోతూ బంగళా సామాను అమ్ముతున్నాడని తెలిసి లింబయ్య బస్సెక్కాడు. అతనికి కావలసింది రెండు గ్యాసులైట్లు. అక్కడ సామాను కుప్పలుగా పోసి కుప్పకింత అని అమ్ముతున్నారు. లైట్లున్న కుప్పలో ఒక పెద్ద పటం కూడా ఉంది. అది వద్దంటే లైట్లు లేవన్నారు. చేసేది లేక పటాన్ని చెద్దరులో చుట్టి బస్సు మీద వేయించుకుని తెచ్చాడు.

ఇంటికొచ్చి విప్పితే, మంచం అంత పటం. రంగుల్లేవు, నల్ల సిరా గీతలే. అయితే ఆ గీతలు వెంట్రుక కంటే సన్నం, లెక్కపెట్టలేనన్ని. ఒక మహా నగరం. ఆకాశమంత ఎత్తు స్తంభాల నడుమ నుంచి ఊరేగింపు వస్తోంది. ముందు బాకాలూదేవాళ్లు, డోళ్లవాళ్లు, ఈటెల్లాంటి బర్శెలు పట్టినవాళ్లు, ఆ వెనక బురుజులు మోసే ఏనుగులు, ముక్కు గద్దది ఒళ్లు సింహానిది అయిన మృగాలు, మెడ పొడుగు జంతువులకు పగ్గాలు వేసి నడిపించే మనుషులు. నట్టనడుమ మనిషికంటే ఎత్తు చక్రాల రథం. దాని మీద రెండు కుర్చీలు. రెక్కల సింహం వీపున పెట్టుకుని మోస్తున్నట్టున్న పెద్ద కుర్చీలో కత్తి పట్టిన రాజు. విప్పిన నెమలిపురిలాంటి చిన్న కుర్చీలో రాణి.

కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదవడానికి బడిపంతులు రామ్‌దాస్ సారును పిలిచాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నూరేండ్ల కిందటిది లింబయ్యా. రాగిరేకు మీద సూదితోని గీసి, తేజాబు, గదే యాసిడు, పోసి, సిరా పూసి కాగితం మీద అద్దుతరు. ఎన్నడో పాతకాలంల ఒక రాజు యుద్ధం గెల్సి ఊర్లకు వస్తుండట. ఈ ఊరు మాత్రం ఎక్కడా లేదు. గీసినాయిన మనసుల అనుకున్నది."

"లేని ఊరి ఊరేగింపా సారూ?"

"అంతే."

"మరి గిన్ని ఏనుగులకు కిరాయి ఎవలిచ్చిండ్రు?"

సారు నవ్వాడు. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న రుక్మాబాయి లేచి వచ్చి పటం మీదికి వంగింది.

"కిరాయి సంగతి గాని, గీళ్లందరు ఎడమచేతోళ్లేంది? సూడు, రాజు కత్తి ఎడమ చేతుల. బర్శెలోళ్లయి ఎడమ చేతుల. గా డోలు కొట్టేటోడు సుత ఎడమ చేతితోనే కొడుతుండు."

"ఆ దేశంల గంతేనేమో," అన్నాడు లింబయ్య.

"అన్నం ఏ చేతితోని తింటరో," అని ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆగకుండా ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

లింబయ్య పటాన్ని దుకాణం గోడకు తగిలించాడు. అమ్మేద్దామనే ఉద్దేశం. అమ్ముడుపోలేదు. కానీ అతనొకటి గమనించాడు. హన్మండ్లు జీపు ముందు ఆగినవాడు సగం చాయ్ తాగేంతసేపు చూస్తాడు. ఈ పటం ముందు ఆగినవాడి చాయ్ చల్లారిపోతుంది. నందిపేట నుంచి పసుపు అమ్మడానికి వచ్చిన రైతులు, మార్కెట్టులో మరాఠీ మాట్లాడే దళారులు, బీడీల కట్టలు తెచ్చే ఆడవాళ్లు, అందరూ అంతే. అందరి కళ్లూ చివరికి ఆ రథం మీదే నిలిచేవి.

నెల రోజులు చూసి లింబయ్య లెక్క తేల్చుకున్నాడు. లోకానికి కావలసింది వేగం కాదు. జీపు పుణ్యమా అని బరాత్ అరగంటలో ఇంటికి చేరుతోంది. అంత ఖర్చుపెట్టి పెళ్లి చేసినవాడికి ఊరంతా తనను చూడటానికి అరగంట చాలదు.

గుర్రాన్ని అమ్మేశాడు. కాలు సంగతి దాచకుండా చెప్పే అమ్మాడు. మంచి గ్యాసులైట్లలో ఎనిమిది అమ్మేశాడు. ఎడపల్లిలో ఒక రైతు దగ్గర చెరుకు తోలే పాత బండి కొన్నాడు. అప్పుడు వడ్రంగం చేసే వడ్ల భూమన్నను పిలిచి పటం ముందు నిలబెట్టాడు.

"గీ రథం నాకు కావాలె."

భూమన్న దేవుళ్ల వాహనాలు చేసే ఇంటివాడు. మాట తక్కువ. పటం అద్దం మీద నిలువుగా, అడ్డంగా నూలుపోగులు కట్టి గళ్లు చేశాడు. ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్టు సున్నపు ముక్కతో నేల మీద పెద్దదిగా దింపాడు. ఏది ఎటు ఉంటే అటే.

"నీ తెలివి ఏమన్న కలుపుతవా?" అని లింబయ్య అడిగాడు.

"బొమ్మ చేసేటప్పుడు మన తెలివి కలపొద్దు. మా బాపు నేర్పింది గదే. పటంల ఎట్లుంటె గట్లనే." రథాన్ని లాగే మృగాల మెడలు వేలితో చూపించాడు. "ఒక్క కాడి మాత్రం మారుస్త. ఇట్ల కట్టినోడు జన్మల బండి తోలలె. నాలుగడుగులు పోతె పశువులు గొంతు బిగిసి పడతయి. ఎడ్ల మెడ పటం గీసినాయినది గాదు గద."

ఎనిమిది నెలలు పట్టింది. చక్రాలకు పొడుగాటి కొత్త ఆకులు బిగించి ఎత్తు పెంచాడు. టేకుతో రెక్కల సింహాన్ని చెక్కి దాని వీపు మీద పెద్ద కుర్చీ నిలిపాడు. నెమలిపురి కుర్చీకి ఈకల్లో ఒక్కోదాన్ని విడిగా చెక్కి బిగించాడు. బంగారు రంగు, నీలం, ఎరుపు. పూర్తయిన రోజు రుక్మాబాయి సందు చివర నుంచి నడిచి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "గుర్రం ఉన్నప్పుడు గడ్డి ఖర్చు. ఇప్పుడు గడ్డి లేదు, గుర్రం లేదు, లైట్లు లేవు. ఒక సింహం ఉన్నది, అది తినదు. గదే నయం," అంది. అంటూనే సింహం మీసాల మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

మొదటి బేరం ఎడపల్లి ఎర్రన్నది. చెరుకు రైతు, ఆ ఏడు పంట బాగా పండింది, కొడుకు పెళ్లి ఫాల్గుణంలో. పిల్లది మోస్రా. పొద్దున మోస్రాలో పెళ్లి, సాయంత్రం ఎడపల్లిలో బరాత్. రథం చూడగానే ఎర్రన్న ఒప్పుకున్నాడు.

"బరాత్ పొద్దుండంగనే తీయాలె అన్నా," అన్నాడు లింబయ్య. "చీకట్ల ఈ రంగులు ఎవలు చూస్తరు?"

అసలు సంగతి వేరు. దుకాణంలో ఇక మిగిలిన లైట్లు ఆరు, అందులో మూడింటికి మంట నిలవదు.

ఆ రోజు కోడి కూయకముందే రథానికి ఎడ్లను కట్టి నిజామాబాద్ నుంచి బయలుదేరారు. లింబయ్యకు తన పరిస్థితి స్పష్టంగా తెలుసు. ఈ ఒక్క బరాత్ నడిస్తే పది ఊళ్లు అడుగుతాయి. నడవకపోతే అతనికి తిరిగి వెళ్లడానికి గుర్రం కూడా లేదు. దుకాణం మూసి హన్మండ్లు దగ్గర తోరణాలు కట్టే పనికి కుదరాల్సిందే.

ఎడపల్లి పొలిమేర చేరేసరికి అక్కడ ఎర్ర జీపు నిలబడి ఉంది. బానెట్ మీద కూర్చుని హన్మండ్లు బీడీ కాలుస్తున్నాడు.

"నిన్నెవలు పిల్సిండ్రు?" అన్నాడు లింబయ్య.

"ఎవలు పిలువలేదు అన్నా. బండి కొత్తది గద, నడుమ విరిగితె పెళ్లిపిల్ల నడ్సుకుంట పోవద్దని వచ్చిన. నీ మీద ప్రేమతోని, పావురంతోనే."

"నీ పావురానికి పెట్రోలు ఎవలు పోస్తరు?"

"ఎర్రన్న పోస్తడు, అవసరం పడితె," అని హన్మండ్లు పొగ వదిలాడు.

పొద్దు వాలకముందే మోస్రా నుంచి బస్సు వచ్చింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు దిగారు. ఊరి జనమంతా రథం చుట్టూ చేరారు. పిల్లలు సింహం కోరల్లో వేళ్లు పెట్టి చూస్తున్నారు. ఎర్రన్న తల్లి సాయవ్వ హారతి పళ్లెంతో ముందుకొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ ఇంట్లో ఆమె అనకుండా పొయ్యి కూడా వెలగదు.

లింబయ్య వంగి చెయ్యి చాపి పెళ్లికొడుకును సింహం కుర్చీ వైపు ఎక్కించబోయాడు.

"ఆగు," అంది సాయవ్వ.

అందరూ ఆగారు.

"పిలగాడు పెద్ద కుర్చీల కూసుంటె పిల్ల ఏ దిక్కు కూసుంటది?"

"గీ నెమలి కుర్చీల అవ్వా."

"అది కుడి దిక్కు గాదా? పెండ్లాం మొగనికి ఎడమ దిక్కు ఉండాలె. కొత్త కోడలిని ఉల్టా దిక్కు కూసోపెట్టి ఇంటికి తెచ్చుకోమంటవా?"

లింబయ్య రథం వైపు చూశాడు. నిజమే. ఎక్కి ముందుకు చూసి కూర్చుంటే సింహం ఎడమ వైపు, నెమలి కుడి వైపు. ఎనిమిది నెలలు రోజూ చూసినవాడు, ఇన్ని వందల పెళ్లిళ్లకు గొడుగు పట్టించినవాడు, ఈ సంగతి అతని కంట పడలేదు. భూమన్న వైపు చూశాడు.

"పటంల గట్లనే ఉన్నది," అన్నాడు భూమన్న, గొంతు తగ్గించి.

"కుర్చీలు మారిస్తె?"

"సింహం రథం కడుపులకు దిగి ఉన్నది. తియ్యాలంటె రెండు దినాలు."

జనంలో గుసగుస మొదలైంది. ఎర్రన్న మొహం ముడుచుకుంది. హన్మండ్లు బీడీ పారేసి జీపు మీద నుంచి దిగి, ముందు సీటు కండువాతో దులపడం మొదలుపెట్టాడు. ఆ దులపడం లింబయ్యకు చెంప మీద కొట్టినట్టుంది.

వ్యాపారంలో లింబయ్య నేర్చుకున్నది ఒకటే. బేరం చెడుతున్నప్పుడు సరుకును చూడకూడదు, కొనేవాడి మొహం చూడాలి. సాయవ్వ మొహం చూశాడు. ఆమె కోపంగా లేదు. ఆమె కళ్లు సింహం మీద ఉన్నాయి, రెక్కల నుంచి జూలు దాకా, జూలు నుంచి కళ్ల దాకా. చాయ్ చల్లారబెట్టుకునే వాళ్ల చూపు అది. ఆమెకు రథం కావాలి. దారి కావాలి, అంతే.

"అవ్వా, ఒక్క మాట అడుగుత," అన్నాడు. "సింహం ఎవలి వాహనం?"

"అమ్మవారిది."

"నెమలి?"

"సుబ్బరాయునిది." అని సాయవ్వ అతని వైపు చురుక్కున చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"మరి ఎడమ దిక్కు సింహం ఉన్నది. ఎడమ దిక్కు కూసునేది పిల్ల. నేనే పిలగాని చెయ్యి పట్టుకుని తప్పు దిక్కు ఎక్కియ్యవోయిన. బండి తప్పు గాదు, నా చెయ్యి తప్పు."

మగవాళ్లలో ఎవరో నవ్వారు. "పెద్ద కుర్చీల పెండ్లామా? ఎర్రన్నా, నీ కొడుకు పని అయిపోయినట్టే."

ఎర్రన్న తల గోక్కున్నాడు. "అమ్మా, నలుగురు నవ్వుతరే..."

సాయవ్వ నవ్విన మనిషి వైపు తిరిగింది. "ఏం రా భీమన్నా, నీ ఇంట్ల పెద్ద కుర్చీ ఎవలిది? మొన్న ఎడ్లు కొనొచ్చి, నీ పెండ్లాం వద్దన్నదని తెల్లారి మళ్ల సంతకు మలిపి కొట్టుకపోలె?"

ఈసారి నవ్వు ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది, పెద్దగా, చాలాసేపు. భీమన్న కూడా నవ్వక తప్పలేదు.

"నేను ఈ ఊరికి వచ్చిన నాడు చొప్ప బండిల, చొప్ప మీద కూసోని వచ్చిన," అంది సాయవ్వ, నవ్వు తగ్గాక. "ఎవలు చూడలే. నా మనుమని పెండ్లాన్ని సింహం మీద రానియ్యి. ఎక్కు బిడ్డా."

పెళ్లికూతురు పెద్ద కుర్చీలో కూర్చుంది. మొదట అంచు మీద, భయంభయంగా. తర్వాత కొంచెం వెనక్కి. పెళ్లికొడుకు నెమలిపురి నీడలో కూర్చుని, ముఖం దాచుకోవడానికి ఏమీ లేక నవ్వాడు. ఆ నీలం ఈకల ముందు అతను నిజంగానే అందంగా ఉన్నాడు. ఎర్రన్న కూడా కాదనలేకపోయాడు.

డప్పులు లేచాయి. రథం కదిలింది.

బోధన్ రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి వరస కట్టి ఉన్నాయి. రథం వస్తుంటే బండ్లవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకడు తన బండి నుంచి పూతతో సహా చెరుకు గెడ లాగి పెళ్లికూతురికి అందించాడు. ఇంకొకడు అందించాడు. ఆమె రెండు చేతుల్లోనూ చెరుకు గెడలు, బర్శెల్లాగా. ఎడ్ల కొమ్ములకు రంగు, బండ్ల మీద బురుజుల్లాగా చెరుకు, వాలుపొద్దులో లేచిన ధూళి, ముందు బూరలు ఊదేవాళ్లు. పక్కన నడుస్తున్న లింబయ్య ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూసి నిలబడిపోయాడు. రోజూ గోడ మీద చూసిన ఊరేగింపే అది. ఏనుగులు తప్ప అన్నీ వచ్చాయి. డప్పులవాళ్లు మాత్రం కుడిచేత్తో కొడుతున్నారు.

వెనక నుంచి హారన్ మోగింది. ఎడ్ల నడకకు సరిపోయేట్టు నడపలేక హన్మండ్లు జీపు పొగలు కక్కుతోంది. రోడ్డు పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు.

"అన్నా, ఎడ్లకు తెచ్చిన నీళ్లు ఉన్నయా?" అని అరిచాడు.

"ఉన్నయి. నీ మీద పావురంతోనే ఇస్తున్న," అని లింబయ్య బకెట్ పంపించాడు.

సాయవ్వ ఇంటికి చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఒక్కరూ తొందర పెట్టలేదు.

మర్నాడు దుకాణంలో ఎర్రన్నకు రసీదు రాసి, కింద ఇత్తడి ముద్ర సిరాలో అద్ది వేశాడు. ముద్ర పక్కన పెట్టబోయి దాని ముఖం చూశాడు. ముద్ర మీద దుకాణం పేరు తిరగబడి ఉంది. కాగితం మీద సరిగ్గా పడింది. పన్నెండేళ్లుగా వేస్తున్న ముద్రే అది.

లేచి పటం గోడ మీద నుంచి దించాడు. ఇంట్లోకి తీసుకుపోయి రుక్మాబాయి అద్దం ముందు పట్టాడు. అద్దంలో రాజు కుడిచేత కత్తి పట్టి సింహం మీద కుడి వైపు కూర్చున్నాడు. రాణి ఎడమ వైపు, ఉండాల్సిన చోటే. బర్శెలు, బాకాలు, డోలు అన్నీ కుడి చేతుల్లో.

"ఆయిన కింది అక్షరాలు తిరగేసి రాసిండు గాని, బొమ్మ రాగిరేకు మీద సీదా గీసిండు," అన్నాడు. "అచ్చుల తిరగబడ్డది. ఆ రాజ్యంల ఎడమచేతోడు ఒక్కడు లేడు."

రుక్మాబాయి అద్దంలోకి చూసింది. "నేను ఆనాడే చెప్పిన. నువ్వు వింటివా?"

సాయంత్రం భూమన్న వచ్చి అంతా విన్నాడు. "తప్పు నాది గాదు, అచ్చుది," అన్నాడు తృప్తిగా. "రెండు దినాలియ్యి, కుర్చీలు మారుస్త."

"ముట్టకు," అన్నాడు లింబయ్య. "పొద్దుగాల మోస్రా నుంచి ఇద్దరొచ్చిండ్రు. వాళ్లు రథం అడుగలే. పిల్ల సింహం మీద కూసునే బండి కావాలె అన్నరు. ఇద్దరు గూడ పిల్ల దిక్కోళ్లే."

ఆ తర్వాత అడిగిందంతా పిల్ల వైపు వాళ్లే. అబ్బాయి తండ్రులు మొదట గొణిగేవారు. వాళ్ల తల్లులు గొణగనిచ్చేవారు కాదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే, బరాత్‌కు సింహం బండి పెట్టాలని పిల్ల తల్లి అడగడం ఆనవాయితీ అయింది. బండి తిరిగి వచ్చేటప్పుడు పెళ్లికూతురి తరఫున రుక్మాబాయికి ఒక రవికె గుడ్డ పంపడం కూడా. అది సాయవ్వ మొదలుపెట్టింది. తర్వాత ఎవరూ మానలేదు. రెండేళ్లు తిరక్కుండానే హన్మండ్లు వచ్చి కూర్చుని చాయ్ తాగి, సారె సామాను మోయడానికి రథం వెనక జీపు పెడతానన్నాడు. దూరంగా, నీళ్లు దగ్గర పెట్టుకుని రమ్మన్నాడు లింబయ్య.

డెబ్బై నాలుగులో చక్రాలు మార్చడానికి రథాన్ని ఒక నెల ఆపినప్పుడు లింబయ్య కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి: ఒక గుర్రం, ఎనిమిది లైట్లు, గొడుగుల మీద మిగిలిన జరీ. వచ్చినవి: దుకాణం పక్కన ఇంకో దుకాణం, శత్రువు కావాల్సిన చోట ఒక భాగస్తుడు, మోస్రా నుంచి నందిపేట దాకా ఏ ఊళ్లో దిగినా కాళ్లకు నీళ్లిచ్చే ఇల్లు, అద్దానికి ఎదురుగా తగిలించిన పటం, ఇటు చూస్తే ఒక ఊరేగింపు, అటు చూస్తే ఒకటి, రవికె గుడ్డలు మూడు వందల పన్నెండు. ఆ గుడ్డలన్నీ కలిపి రుక్మాబాయి రథానికి కొత్తగా కట్టిన పైకప్పు లోపలి వైపు కుట్టింది. పెళ్లికూతురు తల ఎత్తితే తనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లందరి రంగులూ కనిపిస్తాయి.

చివరి గుడ్డ కుట్టడానికి ఆమె సింహం కుర్చీలో కూర్చుని ఉంది. లింబయ్య వెళ్లి నెమలి కుర్చీలో కూర్చున్నాడు.

"సూదికి వెలుతురు అడ్డం వస్తున్నవు. జరుగు," అంది.

జరిగాడు. మొదట చేతిలో ఉన్నవాటిలో ఆ నోరొక్కటి ఇప్పటికీ చెడిపోలేదు. దాన్ని కూడా వచ్చినవాటిలో కలుపుకున్నాడు.